బండి విప్పిన చోటు

మా చిన్ననాట పల్లెటూళ్ళలో, పొరుగూరికి హరికథ వినడానికో వీధినాటకం చూడడానికో వెళ్ళి వచ్చినవారిని ఇంటి పెద్దలు మొదట అడిగే ప్రశ్న "కథ ఎట్లా ఉన్నది?" అని కాదు. "బండి ఎక్కడ విప్పినారు?" అని. ఆ ప్రశ్నలో చాలా అర్థమున్నది. విప్పిన చోటు మంచిదైతే ఎద్దులకు నీడా నీళ్ళూ దొరికినట్లే. కాడి దించి, ఎద్దులను చక్రాలకు కట్టి, వాటి ముందు ఇంత వరిగడ్డి వేసి, బండిలో పరచిన గడ్డిమీద పిల్లలను పడుకోబెట్టి, ఆడవారు అందులోనే కూర్చుని కథ వినేవారు. దాసుగారి గొంతు అందకపోతే బండి నాలుగు బారలు ముందుకు లాగేవారు. ఆనాటి బండి సభలో ఒక భాగం. ఆసనమూ అదే, పడకా అదే, వాన వస్తే గూడూ అదే.

ఈనాటి కారుకు అటువంటి భాగ్యం లేదు. అది మనలను సభ వాకిలిదాకా తెస్తుంది. తెచ్చిన మరుక్షణం నుంచి అదే మనకు అడ్డం. దానిని ఎక్కడో ఒకచోట వదిలించుకొంటే తప్ప మనం లోపలికి పోవడానికి వీలులేదు. పాట వినబోయినవారు పాటను మరచి బండిని గురించి ఆలోచించవలసి రావడం మహానగరంలో ప్రతి సాయంకాలమూ జరిగే వింత. ఆ వింత నా అనుభవంలోకి వచ్చిన తీరు చెప్పడానికే ఈ వ్యాసం.

మా మాష్టారు నాకు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవారు. 2023 నాటికి వారికి ఎనభైరెండేళ్ళు. సంగీతం పాడరు; విననిదే నిద్రపోరు. వారి సంగీత విద్యాభ్యాసమంతా రేడియో దగ్గరనే జరిగినది. విజయవాడ కేంద్రం 1948లో వెలసిన నాటినుంచి మన జిల్లాలలో ఎందరు బడిపంతుళ్ళు ఆ పెట్టె ముందు కూర్చుని తోడి ఏదో, ధన్యాసి ఏదో తెలిసికొన్నారో లెక్క చెప్పలేము. రేడియో కచ్చేరీకి బండి కట్టవలసిన పని లేదు, విప్పవలసిన పని అంతకన్నా లేదు. అయినా, ఒక్కసారి ధనుర్మాసంలో చెన్నపట్టణం పోయి, ఎదుట కూర్చుని, గాయకుడి ముఖం చూస్తూ తోడి వినవలెనని వారికి చిరకాల వాంఛ. నెల్లూరు నుంచి చెన్నపట్టణం ఎంత దూరం? 175 కిలోమీటర్లు. అంత దగ్గర కనుకనే ఆ కోరిక అన్నేళ్ళు వాయిదా పడినది.

ఆ నగరానికి ఈ సంగీత ఋతువు ఎట్లా వచ్చినదో విద్యార్థులకు తెలిసి ఉండడం మంచిది. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దానితోపాటు అఖిల భారత సంగీత సమావేశం కూడ జరిగినది. దాని ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడినది. నాటినుంచి డిసెంబరు నెల కచ్చేరీల నెలయినది. నేడు మైలాపూరులోనూ, దాని చుట్టుపక్కలా ఏ సభకు పోయినా ఉదయం నుంచి రాత్రిదాకా పాటే. ఆ పాటలలో పెద్ద పాలు మన తెలుగు మాటలే. కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉండి త్యాగరాజస్వామి తెలుగులో పాడినాడు. అందుచేత తమిళదేశంలోని సభలో కూర్చున్న తెలుగు పంతులుకు తాను అతిథినన్న సంకోచం ఉండదు.

సరే, టిక్కెట్లు రెండు సంపాదించి, నా చిన్న కారులో మాష్టారును ఎక్కించుకొని బయలుదేరినాను. రైలు ఉండగా కారెందుకని మా ఇంటివారు అననే అన్నారు. "పెద్దాయన మోకాళ్ళు స్టేషను మెట్లు ఎక్కలేవు" అని నేను సమాధానం చెప్పినాను. ఆ సమాధానంలో సగం నిజం. కొత్త కారును మాష్టారుకు చూపవలెనన్న సరదా తక్కిన సగం.

నాయుడుపేట, సూళ్ళూరుపేట, ఎర్రకొండలు (ఆ ఊరిని అక్కడివారు సెంగుండ్రం అంటారు) దాటి నగరం చేరేసరికి మధ్యాహ్నం నాలుగు దాటినది. అన్నా సాలైమీద జెమినీ వంతెన చేరడానికి మరొక గంట. 1973లో కట్టిన ఆ వంతెన చెన్నపట్టణానికి మొదటి ఫ్లయోవరు. దాని పక్కనుంచి కెథీడ్రల్ రోడ్డులోకి తిరగగానే మాష్టారు కిటికీలోనుంచి వేలు చూపి, "ఇక్కడేనోయ్, కారు నిలుపుకోవడానికే ఒక హోటలు ఉండేది" అన్నారు.

వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ అని దాని పేరు. 1962లో తెరిచినారు. చెట్ల నీడన కార్లు వరుసగా ఆగేవి. వాటిలోనుంచి ఎవరూ దిగనక్కరలేదు. సర్వరు పళ్ళెం తెచ్చి కారు కిటికీకి తగిలించి పోయేవాడు. 1965లో మాష్టారు ఒక స్నేహితుడితో ఆ నగరంలో నాలుగు రోజులుండి, అద్దె సైకిలుమీద అక్కడికి పోయి కాఫీ తాగినారట. "కారు లేదని కాఫీ పోయకుండా ఉండలేదు" అని నవ్వినారు. ఆ హోటలు 2008లో మూతపడినది. 2010లో ఆ స్థలంలో సెమ్మొళి పూంగా అనే ఉద్యానవనం వెలసినది. కార్లకు నీడనిచ్చిన చెట్లు ఇప్పుడు నడిచేవారికి నీడనిస్తున్నవి. అది మంచిదే; కాని ఆ సాయంకాలం దాని గోడ పక్కగా అంగుళమంగుళం జరుగుతూ పోతున్న నాకు ఆ పాత హోటలుమీదికే మనసు పోయినది.

కొంచెం ముందుకు పోతే మూలమీద మ్యూజిక్ అకాడమీ భవనం. దానికి 1955లో నెహ్రూ పునాదిరాయి వేసినాడు. 1962లో మైసూరు మహారాజు జయచామరాజ ఒడయరు ప్రారంభించినాడు. హోటలూ హాలూ రెండూ ఒకే ఏటివి. అక్కడినుంచి రోడ్డు సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని పేరు దాల్చి సముద్రం వైపు సాగుతుంది. మా సభ ఆ రోడ్డుకు కుడివైపున, మైలాపూరు లోపల. దాని పేరు చెప్పను. తప్పు దానిది మాత్రమే కాదు.

ఆరుగంటల అయిదు నిమిషాలకు సభ వాకిలి చేరినాము. కచ్చేరీ ఆరున్నరకు. కాపలావాడు దూరంనుంచే రెండు చేతులూ అడ్డంగా ఊపినాడు. లోపల ఉన్న కొద్దిపాటి ఆవరణ నిండిపోయినది. నిండిన కార్లలో సగం వాటిలో డ్రైవర్లు సీట్లు వెనక్కు వాల్చి నిద్రపోతున్నారు. ఈ సంగతి నేను తరువాత చాలాసార్లు తలచుకొన్నాను. డ్రైవరు ఉన్న కారు ఎక్కడికైనా పోయి మళ్ళీ రాగలదు. దానికి దగ్గర చోటు అక్కరలేదు. నడవలేని ముసలివారు ఉన్న కారుకు దగ్గర చోటు కావలెను, దానికి దొరకదు.

వెనుకవారు హారన్లు మోగిస్తున్నారు. మాష్టారును వాకిట దింపి, టిక్కెట్టు చేతిలో పెట్టి, "మీరు పోయి కూర్చోండి, పది నిమిషాలలో వస్తాను" అన్నాను. వారి సెల్‌ఫోను ఛార్జింగుకని కారులోనే ఉండిపోయినదని నాకు అప్పుడు తోచలేదు. వారికీ తోచలేదు.

ఆ పది నిమిషాలు ఎట్లా గడిచినవో చెప్పవలెను.

మొదటి సందులో ఇరువైపులా ద్విచక్ర వాహనాలు పళ్ళవరుసలాగ ఉన్నవి. రెండవ సందులో ప్రతి గేటుకూ ఒక పలక: ఇచట వాహనము నిలుపరాదు. కొన్ని పోలీసువారివి, ఎక్కువ ఇంటివారు సొంతంగా రాయించుకొన్నవి. పలక లేనిచోట పూలకుండీ, పూలకుండీ లేనిచోట పాత టైరు, అదీ లేకపోతే ఒక ప్లాస్టిక్ కుర్చీ. మన ఊళ్ళలో సినిమా హాలులో చేతిగుడ్డ వేసి సీటు పట్టుకొనే పద్ధతి అక్కడ వీధిలో చూచినాను. కపాలీశ్వరస్వామి గుడి చుట్టూ ఉన్న మాడవీధులలో జనం తప్ప నేల కనబడలేదు. లజ్ కూడలి దగ్గర మెట్రో రైలు కోసం తవ్వుతున్నారు. రేకుల గోడలు రోడ్డును సగానికి మింగినవి. ఒక్కొక్క వీధీ ఏకమార్గం. తప్పి తిరిగితే మళ్ళీ అక్కడికి రావడానికి ఒక కిలోమీటరు. అక్కడే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరుమీద ఒక ఉద్యానవనం ఉన్నది. దాని పక్కగా మూడుసార్లు పోయినాను. నా తలనొప్పికి ఆ మహనీయుడు ఒక మందు కూడ కనిపెట్టి పోయినాడన్న సంగతి అప్పుడు జ్ఞాపకం రాలేదు.

ఒకచోట మాత్రం నిజంగా ఖాళీ దొరికినది. పాతకాలపు ఇల్లు, గేటు పక్కన కారు పట్టేంత జాగా, పలక లేదు, కుండీ లేదు. సంతోషించి వెనుకకు తిప్పబోయినాను. దీపం వెలుగులో నేలమీద ముగ్గు కనబడినది. ధనుర్మాసపు ముగ్గు. తెల్లవారుజామున వేసినది, పగలంతా జనం తొక్కి చెరిగినది, అయినా మధ్యనున్న గుమ్మడిపువ్వు ఇంకా వాడకుండా ఉన్నది. అరుగుమీద ఒక ముసలమ్మ కూర్చుని నన్నే చూస్తున్నది. వద్దనలేదు. చూస్తున్నది, అంతే. నేను కారు ముందుకు పోనిచ్చినాను.

చివరకు దొరికినది ఒక కల్యాణమండపం. ధనుర్మాసం శూన్యమాసం గదా, పెళ్ళిళ్ళు లేవు. వందమంది విస్తళ్ళు వేసుకోగల ఆవరణ బావురుమంటున్నది. కాపలావాడు నూరు రూపాయలు తీసుకొని గొలుసు తీసినాడు. గడియారం చూచినాను: ఏడూ ఇరవై. అక్కడనుంచి సభకు ఒకటిన్నర కిలోమీటరు. నా పది నిమిషాలు గంటంబావు అయినవి; నడక ఇంకా మిగిలే ఉన్నది.

ఇక్కడ కొంచెం ఆగి, ఈ చోటు కరవు ఎందుకు వస్తున్నదో లెక్క వేసి చూతాము. మా కళాశాలలో నేను విద్యార్థులచేత వేయించిన లెక్కే ఇది. తెలుగు పంతులుకు గణితమెందుకని మా సహోద్యోగులు వేళాకోళం చేసినారు.

నిలిచి ఉన్న ఒక కారు కింద రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు గల నేల పోతుంది. అది లోపలికి రావడానికీ, తిరగడానికీ, బయటికి పోవడానికీ కావలసిన దారిని కూడ కలిపితే 23 చదరపు మీటర్లు. మన దేశంలో నగర ప్రణాళికలు ఆరుబయట కారు నిలుపుటకు వేసే లెక్క ఇదే. భూగర్భంలో అయితే 32. మా ఆవరణలో ముగ్గుపిండితో 23 చదరపు మీటర్ల చతురస్రం గీయించి, అందులో పిల్లలను కచ్చేరీకి కూర్చున్నట్లు బాసికపట్టు వేసుకొని కూర్చోమన్నాను. నలభైఆరుగురు కూర్చున్నారు. ఇరుకనలేదు. ఒక్క కారు చోటులో నలభైఆరుమంది శ్రోతలు!

ఇప్పుడు 1600 ఆసనాల సభను ఊహించండి. కారుకు ఇద్దరు చొప్పున వస్తే 800 కార్లు. వాటికి కావలసిన నేల 18,400 చదరపు మీటర్లు, అంటే సుమారు నాలుగున్నర ఎకరాలు. ఆ కార్లను రోడ్డు పక్కన ఒకే వరుసలో, ఒకదాని వెనుక ఒకటి, కారుకు ఆరు మీటర్ల చొప్పున నిలిపితే ఆ వరుస పొడవు 4.8 కిలోమీటర్లు. నగరం నడిబొడ్డున నాలుగున్నర ఎకరాలు ఎవరి దగ్గరనున్నవి? ఉంటే అక్కడ కారు షెడ్డు కడతారా, మరొక సభ కడతారా? లెక్క పూర్తయినప్పుడు ఒక విద్యార్థి లేచి, "అయితే సార్, మనం పాట వినడానికి పోతున్నామా, కారును కూర్చోబెట్టడానికి పోతున్నామా?" అని అడిగినాడు. అతనికి ఆ రోజు హాజరు వేయడం మరచినా, ఆ ప్రశ్న మాత్రం మరవలేదు.

ఈ విషయాన్ని జీవితమంతా చదివినవారు ఒకరున్నారు. అమెరికాలో లాస్ ఏంజెలస్ నగరపు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు డొనాల్డ్ షూప్. 2025లో కాలధర్మం చెందినాడు. ఉచితంగా కారు నిలుపుకొనడానికి సమాజం చెల్లించే వెలను గురించి 2005లో ఆయన ప్రచురించిన గ్రంథం ఈ శాస్త్రానికి మూలగ్రంథం వంటిది. తన విశ్వవిద్యాలయానికి పక్కనున్న పదిహేను వీధిఖండాల పేటలో ఆయన పరిశోధన చేసినాడు. అక్కడ చోటు వెదకడానికి ఒక్కొక్కరికి పట్టేది సగటున మూడు నిమిషాల చిల్లరే. కాని అందరి వెదుకులాటనూ ఏడాది పొడుగునా కూడితే 9,50,000 మైళ్ళు తేలినది. భూగోళాన్ని 38 సార్లు చుట్టివచ్చినంత దూరం, ఆ చిన్న పేటలోనే, ఎక్కడికీ పోకుండా! వీధిలో చోటు చవక కనుకనే జనం దానికోసం తిరుగుతారని ఆయన వాదం. దగ్గరి చోటుకు వెల పెంచి, ఆ రాబడి ఆ వీధికే ఖర్చుపెట్టితే వెదుకులాట తగ్గుతుందని ఆయన చెప్పినాడు.

ఈ వెల కట్టే ఆలోచన కొత్తది కాదు. 1935 జులైలో అమెరికాలోని ఓక్లహామా నగరంలో కార్ల్ మెగీ అనే పత్రికా సంపాదకుని పూనికవల్ల ప్రపంచంలో మొట్టమొదటి పార్కింగ్ మీటరు నెలకొన్నది. గంటకు అయిదు సెంట్లు. అంగళ్ళలో పనిచేసేవారే పొద్దున వచ్చి వీధిలోని చోటంతా ఆక్రమించుకొంటే కొనుగోలుదారులకు చోటు లేకపోవడం దానికి కారణం. జపానువారు 1962లో మరొక దారి తొక్కినారు: కారు నిలుపుకోవడానికి నీకు చోటున్నదని రుజువు చూపితేనే కారు నమోదు. ఆ రుజువు నన్ను అడిగి ఉంటే, మా వీధిలో నా కారు నిలిచేది ఎదురింటివారి గోడ పక్కన కనుక, నాకు కారే ఉండేది కాదు. మాష్టారుకు తోడి దక్కి ఉండేది.

షూప్ చెప్పిన మరొక ఉదంతం సంగీతప్రియులు తప్పక వినవలసినది. లాస్ ఏంజెలస్‌లో వాల్ట్ డిస్నీ పేరుతో గొప్ప సంగీత మందిరం కట్టదలచినారు. ముందుగా నేల కింద ఆరు అంతస్తుల కారు షెడ్డు కట్టినారు: 2,188 కార్లకు చోటు, 11 కోట్ల డాలర్ల ఖర్చు. అది 1996లో పూర్తయినది. పైన మందిరం 2003కు గాని తెరవలేదు. ఏడేళ్ళపాటు బండ్లకు ఇల్లున్నది, పాటకు లేదు! అంతటితో ఆగలేదు. షెడ్డు కోసం తెచ్చిన అప్పు తీరవలెను గనుక, ఒక్కొక్క ఋతువులో కనీసం 128 కచ్చేరీలు జరగవలెనని ఒప్పందంలో రాసుకొన్నారు. పాట కోసం బండి కట్టిన కాలం పోయి, బండి అప్పు తీర్చడానికి పాట పాడే కాలం వచ్చినదన్నమాట.

మన హైదరాబాదులో రవీంద్రభారతి 1961లో వెలసినప్పుడు ఈ చింత ఎవరికీ లేదు. సైకిళ్ళూ రిక్షాలూ బస్సులూ ఉన్న రోజులవి. 2018లో మెట్రో రైలు ఆ దారిన వచ్చి, ఇటు శాసనసభ దగ్గర, అటు లక్డీకాపూల్ దగ్గర స్టేషన్లు వెలసినవి గనుక, అక్కడికి కచ్చేరీకి పోయేవారికి కారును ఇంటనే విడిచిపెట్టే అవకాశం కలిగినది. కలిగిన అవకాశాన్ని ఎందరు వాడుకొంటున్నారో ఏ ఆదివారమైనా సైఫాబాదులో నిలబడి చూడవచ్చును.

చెన్నపట్టణానికి తిరిగి పోదాము. కల్యాణమండపంలో కారు విప్పి, పరుగు నడకన సభ చేరేసరికి ఏడూ నలభై. వాకిట కాపలావాడి ముక్కాలిపీట పక్కన ఎవరో నిలబడి ఉన్నారు. పంచె, భుజాన కండువా. మా మాష్టారు!

ఏడుగంటలదాకా లోపల కూర్చున్నారట. పక్క సీటు ఖాళీగా ఉండడం చూచి చూచి, నాకు ఫోను చేయబోయి, జేబులో అది లేదని తెలిసి, లేచి బయటికి వచ్చినారట. అప్పుడే వీధిలో ఒక ఆంబులెన్సు కూత వేసుకొంటూ పోయినదట. "ఊరు కొత్త, భాష కొత్త, ఆ వీధులు చూస్తే అట్లా ఉన్నవి. నువ్వు ఎక్కడ విప్పినావో, విప్పినావో లేదో తెలియక లోపల కూర్చోలేకపోయినానోయ్" అన్నారు. నలభై నిమిషాలు ఆ మోకాళ్ళమీద నిలబడినారు. కాపలావాడు పీట చూపితే, కూర్చుంటే నేను కనబడనేమోనని కూర్చోలేదట.

లోపలికి పోబోయినాము. తలుపు దగ్గర ఉన్న కుర్రవాడు పెదవులమీద వేలు పెట్టినాడు. పాట ముగిసేదాకా ఎవరినీ లోపలికి విడువరాదని నియమం. మంచి నియమమే. ఏమి పాడుతున్నారని అడిగినాను. "తోడి" అన్నాడు.

వరండాలో గోడవారగా ఉన్న బల్లమీద కూర్చున్నాము. పక్కనే క్యాంటీను, నేతి దోసె వాసనా, గ్లాసుల చప్పుడూ. తలుపు సందులోనుంచి ఆలాపన ఒక దారంలాగ వస్తూ పోతూ ఉన్నది. తారస్థాయి వినబడుతుంది, మంద్రం వినబడదు. మాష్టారు కళ్ళు మూసుకొని, వినబడని భాగాన్ని తామే పూరించుకొంటున్నట్లు తల ఊపుతున్నారు. "మీకు ఎంత అన్యాయం చేసినాను" అన్నాను. వారు కళ్ళు తెరవకుండానే, "ఇదేమి కొత్తా? అరవైఅయిదులో డబ్బు లేక పందిరి వెలుపల వీధిలో నిలబడి విన్నాను. అప్పుడు దోసె వాసన కూడ లేదు" అన్నారు. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నారని తెలుసు. జేబులో టిక్కెట్టు ఉండి బయట కూర్చోవడం వేరు, టిక్కెట్టు లేక కూర్చోవడం వేరు అని నాకు తోచినది గాని, పైకి అనలేదు.

కృతి పూర్తయి, మృదంగం తని మొదలయినప్పుడు తలుపులు తెరుచుకొన్నవి. మేము లోపలికి పోవడానికి కాదు. లోపలివారు బయటికి రావడానికి. తని ఆవర్తనం వేళకు జనం లేచిపోయే దురలవాటు ఆ నగరంలో పాతదే. దానిమీద విద్వాంసులు మొరపెట్టుకొంటూనే ఉన్నారు. క్యాంటీనుకు పోయేవారు కొందరు. తక్కినవారి చేతులలో తాళాలు కనబడినవి. కచ్చేరీ విడిచినాక అందరితోపాటు కారు తీయడం కష్టమని ముందుగానే పోతున్నారు. రావడానికి గంట పోగొట్టుకొన్నవారు పోవడానికి మరొక గంట పోగొట్టుకొంటున్నారు. ఆ ప్రవాహానికి ఎదురీది మేమిద్దరం లోపలికి పోయి కూర్చున్నాము. మంగళందాకా కూర్చున్నాము. ఎన్నో ఖాళీలున్నవి.

తిరుగు ప్రయాణంలో మాష్టారుకు నిద్ర పట్టినది. నాకు మాత్రం ఆ కల్యాణమండపం కళ్ళముందు మెదిలినది. మైలాపూరులోనూ దాని చుట్టూనూ కల్యాణమండపాలు చాలా ఉన్నవి. సభలు నిండే నెలలోనే అవి ఖాళీ. ఇది పంచాంగం కల్పించిన సౌకర్యం. సభలవారు ముందుగా వారితో మాట్లాడుకొని, టిక్కెట్టుమీదనే ఫలానా మండపంలో కారు నిలుపుకొనవచ్చునని అచ్చువేసి, అక్కడినుంచి సభకు రెండు చిన్న బస్సులు నడిపితే ఎంత తిరుగుడు తగ్గును! సభ ఆవరణలోని ఆ పదిపదిహేను చోట్లు నడవలేనివారిని తెచ్చిన కార్లకు విడిచిపెట్టవచ్చును. డ్రైవర్లున్న పెద్దల కార్లు మండపానికి పోయి నిద్రపోవచ్చును. నిద్రకు అక్కడ గాలి కూడ బాగుంటుంది. ఇది గొప్ప పథకమేమీ కాదు. పొరుగూరి తిరునాళ్ళకు ఏ వైపు బండ్లు ఏ తోపులో విప్పవలెనో ఊరి పెద్దలు ముందుగా చెప్పి పంపే ఆచారమే.

2024 డిసెంబరులో మళ్ళీ పోయినాము. ఈసారి రైలు. మోకాళ్ళ సంగతి మాష్టారే తేల్చినారు: స్టేషనులో చక్రాల కుర్చీ అడిగి తీసుకొన్నాము, వారికి అది మొదట సిగ్గు, తరువాత వేడుక. సెంట్రలు నుంచి ఆటో. కచ్చేరీకి గంట ముందే సభ వాకిట దిగినాము. అదే కాపలావాడు. మమ్మల్ని గుర్తుపట్టలేదు, పీట మాత్రం అక్కడే ఉన్నది.

డబ్బు తీసుకొంటున్న ఆటోవానిని మాష్టారు ఆపి, "బండి ఎక్కడ విప్పుతావు నాయనా?" అని అడిగినారు. అతడు ఉత్తరపు పేటల వాడు కాబోలు, తెలుగు తెలుసు. "నేనెక్కడ విప్పేది సామీ, ఇంకో బేరం ఉంది" అని పోయినాడు. మాష్టారు అతడు మలుపు తిరిగేదాకా చూచి, నా భుజం పట్టుకొని మెట్లెక్కినారు. లోపల తంబూరా శ్రుతి చేస్తున్నారు.